గురుకులం సీటు వచ్చింది సరే, బిడ్డతో మాట్లాడారా?

ఏటా జూన్ రెండో వారంలో తెలంగాణలో బడులు తెరుచుకుంటాయి. ఆ రోజుల్లోనే మన బస్తీల నుంచి, పల్లెల నుంచి పదేళ్ల పిల్లలు ట్రంకుపెట్టె, బకెట్, మగ్గు పట్టుకుని మైనారిటీ గురుకులాల గేటు దాటుతారు. చాలామందికి ఇల్లు వదిలి ఉండడం అదే మొదటిసారి. సీటు కోసం తల్లిదండ్రులు నెలల తరబడి తిరిగి ఉంటారు. ఆదాయ సర్టిఫికెట్, ఆధార్, బోనఫైడ్, ఫొటోలు అన్నీ ఫైల్లో పెట్టుకుని మీ-సేవ చుట్టూ, ఆఫీసు చుట్టూ తిరిగి సాధించుకుంటారు. ఆ హడావుడిలో ఎక్కువ ఇళ్లల్లో జరగనిది ఒక్కటే. వెళ్లాల్సిన బిడ్డతో కూర్చుని మాట్లాడడం.

గురుకులాలు మనకు చిన్న అవకాశం కాదు. 2016లో 71 పాఠశాలలతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు, అంటే మనం టెమ్రీస్ అని పిలుచుకునేవి, ఇప్పుడు 200 దాటాయి. ఐదో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం చదువు, వసతి, భోజనం, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం. సీట్లలో 75 శాతం మైనారిటీలకు, 25 శాతం ఇతరులకు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా మైనారిటీ గురుకులాలు ఉన్నాయి, సంఖ్యలో మాత్రం తక్కువ. ఆటో నడిపే తండ్రికి, ఇంట్లో మిషన్ కుట్టుకునే తల్లికి ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం ఫీజు కట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పంపాలా, వద్దా అన్నది ఇక్కడ చర్చ కాదు. పంపితే ఆ బిడ్డ మొదటి నెల ఎలా గడుస్తుంది, అందులో ఇంటి వంతు ఎంత, బడి వంతు ఎంత, ప్రభుత్వం వంతు ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఆ నెల సరిగ్గా గడవకపోతే కొందరు పిల్లలు వారం పది రోజులకే తిరిగొస్తారు, కష్టపడి తెచ్చుకున్న సీటు పోతుంది. ఇంకొందరు అక్కడే ఉంటారు కానీ లోలోపల ముడుచుకుపోతారు. రెండోది బయటికి కనిపించదు, అందుకే దాంట్లో ప్రమాదం ఎక్కువ.

ఒకేసారి ఎన్ని మార్పులు?

కామర్స్ చదివినవాళ్లకు జమాఖర్చుల పుస్తకం అలవాటు. ఒక పక్క వచ్చింది, ఇంకో పక్క పోయింది రాస్తాం. గురుకులం విషయంలో పెద్దలు జమ పేజీ ఒక్కటే చూస్తారు. ఇంగ్లిష్ వస్తుంది, తిండికి లోటుండదు, నాలుగు మార్కులు ఎక్కువొస్తాయి, రేపు మంచి కాలేజీలో సీటొస్తుంది. అన్నీ నిజమే. కానీ పదేళ్ల బిడ్డకు ఆ రోజు కనిపించేది ఖర్చు పేజీ.

అందులో ఏముంటాయో రాసి చూడండి. అమ్మీ పక్కన పడుకునే చోటు పోయింది. చెల్లితో కొట్లాట పోయింది. ఇంటి కూర రుచి పోయింది. పొద్దున నాలుగుసార్లు పిలిస్తే గానీ లేవని అలవాటు పోయింది, ఇప్పుడు విజిల్ మోగితే లేవాలి. స్నానానికి, బాత్‌రూముకు లైన్ కట్టాలి. గల్లీ దోస్తులు పోయారు. బడిలో వినిపించే భాష మారింది. ఏడుపొస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలియదు. పెద్దవాళ్లు ఒక ఉద్యోగం మారితేనే రెండు నెలలు సర్దుకోలేరు. ఈ బిడ్డకు ఇన్ని మార్పులు ఒక్క పూటలోనే వచ్చి పడతాయి.

కొన్ని ఇళ్లల్లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. నిజామాబాద్, జగిత్యాల, కడప, రాయచోటి ప్రాంతాల్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. అబ్బా సౌదీకో కువైట్‌కో వెళ్లిన ఏడాదే బిడ్డను హాస్టల్లో చేర్చడం మామూలే, ఎందుకంటే ఒంటరిగా ముగ్గురు పిల్లల్ని చూసుకోవడం తల్లికి కష్టం. కారణం న్యాయమైనదే. కానీ బిడ్డ లెక్క వేరేలా ఉంటుంది. ముందు అబ్బా వెళ్లిపోయాడు, ఇప్పుడు నన్ను పంపేస్తున్నారు, అంటే నేను ఇంటికి బరువు అనుకుంటాడు. ఇల్లు మారిన ఏడాది, ఇంట్లో ఎవరైనా చనిపోయిన ఏడాది, తల్లిదండ్రులు విడిపోయిన ఏడాది కూడా ఇంతే. వీలైతే రెండు పెద్ద మార్పుల మధ్య కొంత వ్యవధి ఇవ్వాలి. వీలుకాకపోతే కనీసం కారణం స్పష్టంగా చెప్పాలి. "నువ్వు బరువై పంపడం లేదు, నీ చదువు కోసం పంపుతున్నాం. నీ మంచం, నీ పెట్టె, నీ చోటు ఇంట్లో అలాగే ఉంటాయి" అని. ఈ మాట ఒక్కసారి చెబితే చాలదు. నాలుగు రోజులు, నాలుగు రకాలుగా చెప్పాలి.

దాచిపెట్టి పంపడం

మనవాళ్లలో ఒక అలవాటుంది. ఏడుస్తాడని ముందు చెప్పరు. "ఖాలా ఇంటికి పోతున్నాం" అనో, "ఊరికే బడి చూసొద్దాం" అనో తీసుకెళ్లి, లోపల వదిలి, వెనక గేటు నుంచి వచ్చేస్తారు. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది, నిజమే. తర్వాత నెలంతా ఆ బిడ్డ ఎవరి మాటా నమ్మడు. "ఆదివారం వస్తాం" అని ఫోన్లో చెప్పినా నమ్మకం కుదరదు, ఎందుకంటే ముందు చెప్పింది అబద్ధమైంది. అదే మాట మార్చి ఇంకొక రకంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. "నచ్చకపోతే వారంలో తీసుకొచ్చేస్తా, సరేనా?" అంటారు. ఇది ఇంకా చెడ్డ బేరం. బిడ్డ మొదటి రోజు నుంచే రోజులు లెక్కపెడుతూ, నచ్చకపోవడానికి కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఇంటి మీద బెంగ గురించి అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2007లో విడుదల చేసిన నివేదిక కూడా ఈ బేరం పెట్టొద్దనే చెప్పింది. ఇల్లు వదిలి ఉండే ముందు చిన్న చిన్న రాత్రులు ప్రాక్టీసు చేయించడం, నిర్ణయంలో పిల్లలకు భాగం ఇవ్వడం మేలు చేస్తాయని అందులో ఉంది.

ఇంకోటి "సబర్". ఏడుస్తున్న బిడ్డతో మనం మొదట అనే మాట "రో నక్కో, సబర్ కర్". మగపిల్లాడైతే "మర్ద్ హై తూ, ఏడుస్తావా?" అని కూడా కలుపుతాం. సబర్ అంటే నోరు మూసుకోవడం అని పిల్లలకు అర్థమయ్యేది ఇలాగే. యాఖూబ్ (అ) సంగతి మనకు తెలియనిది కాదు. కొడుకు యూసుఫ్ (అ) దూరమైనప్పుడు అందమైన సహనం గురించి మాట్లాడింది ఆయనే, ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నదీ ఆయనే. కన్నీళ్లకూ సబర్‌కూ పేచీ లేదని ఆ ఒక్క గాథే చెబుతుంది. పెంపుడు పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న చిన్న పిల్లాడిని దైవప్రవక్త ముహమ్మద్ (స) ముద్దుగా పేరు పెట్టి పిలిచి, ఆ పిట్ట గురించే అడిగిన హదీసు కూడా మన ఇళ్లల్లో చెప్పుకునేదే. పిట్ట పోతే ఏమైందిలే అని ఆయన అనలేదు. బిడ్డకు పోయింది ఏదో, దాని గురించే అడిగారు. మనం చేయాల్సిందీ అంతే. "అమ్మీ గుర్తొస్తోందా? రావడం మామూలే. నాకూ నువ్వు గుర్తొస్తావు" అంటే బిడ్డ మెత్తబడడు, గట్టిపడతాడు.

మే నెలలో చేయాల్సిన పనులు

సీటు ఖాయమయ్యాక బడి తెరిచేలోపు కొన్ని వారాలు చేతిలో ఉంటాయి. షాపింగ్ ఒక్క రోజులో అయిపోతుంది. మిగతా రోజుల్లో ఈ పనులు పెట్టుకోండి.

వెళ్లే ముందు బడిని ఒకసారి చూపించండి. గది, మంచం, భోజనశాల, బాత్‌రూములు, నమాజు చేసుకునే చోటు, వార్డెన్ గది. చూసిన చోటంటే భయం సగం తగ్గుతుంది.

నానీ ఇంట్లోనో, ఖాలా ఇంట్లోనో అమ్మీ లేకుండా రెండు మూడు రాత్రులు ఉంచండి. మొదటి రాత్రి ఏడ్చి, రెండో రాత్రి నిద్రపోయిన బిడ్డకు ఒక సంగతి అనుభవంలోకి వస్తుంది. ఏడుపు వస్తుంది, తర్వాత తగ్గుతుంది కూడా. హాస్టల్లో మొదటి వారం ఆ అనుభవమే ఆదుకుంటుంది.

సొంత పనులు నేర్పండి. తల స్నానం, చేతి రుమాలు, లోదుస్తులు ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం, పెట్టెకు తాళం వేసి తాళంచెవి జాగ్రత్త చేసుకోవడం. మగపిల్లలకు ఇవి అసలు నేర్పం, హాస్టల్లో మొదట ఇబ్బంది పడేదీ వాళ్లే.

ఆడపిల్లల తల్లులు ఒక మాట తప్పకుండా చెప్పాలి. పది నుంచి పదమూడేళ్ల మధ్య, అంటే హాస్టల్లో ఉండగానే నెలసరి మొదలు కావచ్చు. ముందు తెలియని బిడ్డ రక్తం చూసి జబ్బేదో వచ్చిందని వణికిపోతుంది, సిగ్గుతో ఎవరికీ చెప్పదు. ప్యాడ్ ఎలా వాడాలో, ఏ టీచర్‌కు చెప్పాలో, నమాజు, రోజా విషయం ఏమిటో ఇంట్లోనే చెప్పి, పెట్టెలో ఒక ప్యాకెట్ పెట్టి పంపండి.

ఆడపిల్లలకైనా, మగపిల్లలకైనా ఇంకో మాట. ఒంటి మీద చేయి వేసి ఇబ్బంది పెట్టేవాళ్లు ఎవరైనా సరే, సార్ అయినా, సీనియర్ అయినా, "ఎవరికీ చెప్పొద్దు" అన్నారంటే అది చెప్పాల్సిన విషయమే. "నువ్వు చెబితే నేను నమ్ముతాను, నిన్ను తిట్టను" అని తల్లిదండ్రులు ముందే మాటివ్వాలి. ఆ మాట విన్న బిడ్డే తర్వాత నోరు విప్పుతుంది.

చివరిగా, వదిలేటప్పుడు చిన్నగా ముగించండి. గేటు దగ్గర గంట సేపు కౌగిలించుకుని ఏడిస్తే ఇద్దరికీ కష్టం. నుదుటి మీద ముద్దు, దువా, మళ్లీ వచ్చే తేదీ. ఆ తేదీ క్యాలెండర్‌లో గీసి ఇవ్వండి. ఇచ్చిన తేదీన కచ్చితంగా వెళ్లండి. కూలి పోయినా సరే, మొదటి మూడు కలయికలు తప్పొద్దు.

ఫోన్లో ఏం మాట్లాడాలి?

గురుకులాల్లో ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు, కలవడానికి ఏ రోజు రానిస్తారు అన్నది బడిని బట్టి ఉంటుంది. దొరికేది నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో మనం అడిగేవి రెండే ప్రశ్నలు. తిన్నావా? ఏడ్చావా? మొదటిదానికి "ఆఁ" అంటాడు. రెండోదానికి ఏడుపే జవాబు. వాడి ఏడుపు విని అమ్మీ ఏడుస్తుంది. ఫోన్ కట్ అవుతుంది. రాత్రంతా ఇద్దరికీ నిద్ర ఉండదు.

ప్రశ్న మారిస్తే కబురు మారుతుంది. నీ పక్క మంచం ఎవరిది? ఈ రోజు కూరేంటి? ఆటల పీరియడ్‌లో ఏం ఆడారు? కష్టమైన టైం ఏది, పొద్దున్నా, సాయంత్రమా, పడుకునేటప్పుడా? ఇంటి మీద బెంగ ఎక్కువగా ఖాళీగా ఉన్నప్పుడు, పొద్దుగూకేటప్పుడు, పడుకోబోయే ముందు పట్టుకుంటుంది. మగ్రిబ్ వేళ ఇల్లు గుర్తొస్తుందని బిడ్డ చెబితే, "ఆ టైంకు నేనూ నీ కోసం దువా చేస్తుంటా, నువ్వూ చెయ్" అనండి. ఆ వేళకు చేయడానికి ఒక పని దొరికినట్టవుతుంది. ఇంటి కబుర్లు మామూలువి చెప్పండి, మేక పిల్ల పెట్టిందనో, పక్కింటి వాళ్లు గోడకు రంగు వేశారనో. "నువ్వు లేకపోతే ఇల్లు బోసిపోయింది, దాదీ అన్నం తినట్లేదు" అనకండి. ప్రేమతో అన్నా, దాదీ తిండి బాధ్యత కూడా బిడ్డ నెత్తిన పడుతుంది.

కలవడానికి వెళ్లినప్పుడు బిర్యానీ, బిస్కెట్లతో పాటు కొంచెం టైం కూడా తీసుకెళ్లండి. బిడ్డ దోస్తుల పేర్లు అడిగి, వాళ్లకూ సలాం చెప్పండి. దోస్తు దొరికిన బిడ్డకు హాస్టల్ సగం ఇల్లయినట్టే.

లెక్క వచ్చు, మాట రాదు

చదువు దగ్గర వచ్చే దిగులు వేరు. ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి దాకా చదివిన బిడ్డకు జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీం తెలుసు. తెలుగు మీడియం బిడ్డకు కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తెలుసు. ఐదో తరగతిలో టీచర్ "సబ్‌ట్రాక్ట్" అనగానే ఇద్దరూ దిక్కులు చూస్తారు. లెక్క చేయగలరు, అడిగిందేమిటో అర్థం కాదు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసిన చేయి ఇప్పుడు రోజంతా ఎడమ నుంచి కుడికి రాయాలి. పైగా 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి. ఇంట్లో దక్కనీ, క్లాసులో ఇంగ్లిష్, ఇంకో పీరియడ్‌లో తెలుగు. తరగతిలో చురుగ్గా ఉండే బిడ్డ ఒక్కసారిగా మూగవాడవుతాడు. మొదటి ఎఫ్‌ఏ పరీక్షలో మార్కులు పడిపోతాయి. "ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం పంపితే ఇవా మార్కులు?" అని ఇంట్లో అంటారు.

అప్పటికి బిడ్డ తెలివి ఎక్కడికీ పోలేదు. భాష దారిలో ఉంది, ఇంకా చేరలేదు, అంతే. మొదటి టర్మ్ మార్కుల్ని మొదటి టర్మ్ మార్కులుగానే చూడాలి. వేసవిలో లెక్కల మాటలు, సైన్సు మాటలు ఓ యాభై తీసి, ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన రాయిస్తే చాలా ఉపయోగం. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చినవాళ్లు లేకపోతే గల్లీలో గురుకులంలోనే చదివి ఇంటర్‌కు వెళ్లిన అన్నో అక్కో ఉంటారు. వాళ్లకు వారం రోజుల పని ఇది. మసీదు కమిటీలు కూడా జూన్‌కు ముందు ఒక ఆదివారం కొత్తగా వెళ్లే పిల్లల్ని, పాత విద్యార్థుల్ని ఒకచోట కూర్చోబెట్టొచ్చు. "నేనూ మొదటి పది రోజులు ఏడ్చాను" అని ఒక పదో తరగతి పిల్లాడు చెబితే, పెద్దలు చెప్పే పది మాటల కంటే బాగా ఎక్కుతుంది.

ఎప్పుడు కంగారు పడాలి?

మొదటి రెండు మూడు వారాలు ఏడుపు, తిండి తగ్గడం, కడుపునొప్పి, తలనొప్పి మామూలే. ఎప్పుడో మానేసిన పక్క తడపడం కొందరిలో మళ్లీ మొదలవుతుంది. దానికి తిట్టకూడదు, తోటి పిల్లల ముందు అసలు అనకూడదు. వార్డెన్‌కు గుట్టుగా చెప్పి, ఒక దుప్పటి ఎక్కువ ఇవ్వాలి. ఎక్కువమంది పిల్లల్లో ఇవి రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి.

తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం ఊరుకోవద్దు. నెల దాటినా తినకపోవడం, నిద్రపోకపోవడం, బరువు తగ్గడం. ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఫలానా మనిషి పేరు చెబితే, ఫలానా గది పేరు చెబితే భయపడడం. ఒంటి మీద దెబ్బల గుర్తులు. "నేను లేకపోతే మీకే మంచిది", "చచ్చిపోవాలనిపిస్తోంది" లాంటి మాటలు. ఈ చివరి మాటను నాటకం అనుకుని కొట్టిపారేయకూడదు. ఆ రోజే వెళ్లి బిడ్డను కలవాలి, ఒంటరిగా ఉంచకూడదు, డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416కు ఏ టైంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ సేవలో తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల మీద దాడి, వేధింపు ఉంటే 1098. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో డాక్టర్లు ఉంటారు. ఎర్రగడ్డ పేరు చెప్పి వెక్కిరించుకోవడం మనకు అలవాటైంది. జ్వరానికి ఆస్పత్రికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. తావీజు కట్టించడం మీ ఇష్టం, దాని కోసం డాక్టర్‌ను మాత్రం ఆపొద్దు.

బిడ్డను వెనక్కి తెచ్చుకోవడం కూడా ఒక్కోసారి సరైన నిర్ణయమే. ఒకరోజు ఏడ్చాడని తెచ్చేస్తే తొందరపాటు. దెబ్బలు, వేధింపులు, తగ్గని జబ్బు ఉన్నాయని తెలిసి కూడా సీటు పోతుందని ఉంచితే అది మొండితనం. సీటు మళ్లీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

బడి వంతు, ప్రభుత్వం వంతు

ఇంతవరకూ ఇంటి వంతు చెప్పుకున్నాం. భారమంతా తల్లి మీద వేస్తే న్యాయం కాదు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ మనకు పనికొస్తుంది. విశాఖపట్నంలో నీట్‌కు కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే, జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, పరీక్ష తప్పడం వల్ల చనిపోయినవారు 2,248 మంది అని జాతీయ నేర నమోదు బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. తీర్పులో ఈ లెక్కలూ ఉన్నాయి.

మార్గదర్శకాలు కోచింగ్ సెంటర్లకే పరిమితం అనుకోవద్దు. ప్రభుత్వ, ప్రైవేటు బడులు, కాలేజీలు, గురుకులాలు, హాస్టళ్లు అన్నింటికీ వర్తిస్తాయి. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. పరీక్షల సమయంలో, చదువులో ఒక దశ నుంచి ఇంకో దశకు మారే సమయంలో పిల్లల్ని చిన్న బృందాలుగా చేసి మెంటర్లను పెట్టాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, అందరి ముందు అవమానించకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలిమానస్ లాంటి నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. తల్లిదండ్రులకూ అవగాహన కార్యక్రమాలు జరపాలి.

ఇల్లు వదిలి ఐదో తరగతిలో చేరిన బిడ్డ కంటే పెద్ద "మారే సమయం" ఎవరికుంటుంది? ఒక్కో గురుకులంలో పిల్లలు వందల్లో ఉంటారు. అంటే కౌన్సెలర్ ఉండడం దయ కాదు, ఉండి తీరాల్సిన విషయం. తెలంగాణ ప్రభుత్వం 2024లో హాస్టల్ పిల్లల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉండేది 1,330 అయ్యింది. అంతకుముందు హాస్టళ్లలో ఆహారం కలుషితమైన ఘటనలు వరుసగా వార్తలకెక్కాయి, తల్లిదండ్రులు, విద్యార్థి సంఘాలు గట్టిగా అడిగాయి. పళ్లెం గురించి అడిగినట్టే మనసు గురించీ అడగాలి. అడగకుండా ఏదీ రాలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఈ ప్రశ్నలు వేయండి. మన బడి కౌన్సెలర్ పేరేంటి, వారంలో ఎన్ని రోజులు వస్తారు? ఐదో తరగతి కొత్త పిల్లలకు మెంటర్ టీచర్ ఎవరు? సిబ్బందికి చివరిసారి శిక్షణ ఎప్పుడైంది? రాత్రిపూట పిల్లల గదుల దగ్గర ఎవరుంటారు? అర్ధరాత్రి బిడ్డకు బాగోలేకపోతే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, మాకు ఎప్పుడు ఫోన్ చేస్తారు? 14416 బోర్డు ఏ గోడ మీద ఉంది? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరు అడిగితే "మీ బిడ్డకే ఎందుకు సమస్య?" అంటారు. పదిమంది తల్లులు కలిసి సంతకం పెడితే ఆ మాట రాదు.

దసరా సెలవుల్లో

మొదటి పరీక్ష జూన్‌లో అయితే, రెండోది దసరా సెలవుల్లో. బిడ్డ ఇంటికొస్తాడు. కొంచెం పొడుగై ఉంటాడు, మాట తీరు మారి ఉంటుంది, చెల్లెలు తన పక్క ఆక్రమించిందని అలుగుతాడు. మొదటి రెండు రోజులు చుట్టాల ముందు నిలబెట్టి "ఇంగ్లిష్‌లో ఏదీ ఒకటి చెప్పు" అని పరీక్ష పెట్టకండి. కడుపునిండా తిననివ్వండి, ఆలస్యంగా లేవనివ్వండి, గల్లీలో తిరగనివ్వండి. సెలవులు అయిపోవడానికి రెండు మూడు రోజుల ముందు మళ్లీ ముఖం వాడిపోతుంది. రెండోసారి పంపడం కొన్నిసార్లు మొదటిసారి కంటే కష్టం, ఎందుకంటే అక్కడ ఏముందో ఇప్పుడు బిడ్డకు తెలుసు.

ఆ రోజు పెట్టె సర్దుతూ అడగండి. అక్కడ నీకు నచ్చింది ఏంటి? నచ్చనిది ఏంటి? మేం మార్చగలిగేది ఏదైనా ఉందా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు కొన్నిసార్లు చాలా చిన్నది. చలికి ఇంకో దుప్పటి కావాలి. చెప్పులు పోయాయి. పక్క మంచం పిల్లాడు రాత్రి భయపెడతాడు. ఫోన్ నాలుగు నిమిషాలు చాలట్లేదు. వీటిలో సగం మన చేతిలో ఉన్నవే, మిగతా సగం వార్డెన్‌తో ఒక్క మాటతో తీరేవి. బిడ్డ చెప్పింది రాసుకోండి. వదిలేటప్పుడు ఆ కాగితం పట్టుకుని వార్డెన్ గదికి వెళ్లండి, బిడ్డను కూడా పక్కన నిలబెట్టుకోండి. తన మాట మీద పెద్దవాళ్లు కదిలారని కళ్లారా చూసిన బిడ్డ, తర్వాత ఏ కష్టమొచ్చినా లోపల దాచుకోడు.